నవ్వమంటే నవ్వొస్తుందా?

హంపీ సీజను వెనక వినిపించని సంగతులు
హోటలు సిబ్బంది తీరుపై పరిశోధనలు చెప్పేది ఒకటి.. మనం చేసేది ఇంకొకటి

హొసపేట: డిసెంబరు చివరి వారం వచ్చిందంటే హంపీ, కమలాపురం, ఆనెగొంది దారుల్లో కార్లకు సందు ఉండదు. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి, అనంతపురం, కర్నూలు నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. రాత్రి పదకొండింటికి లాడ్జి ముందు ఓ బండి ఆగుతుంది. కౌంటరులో ఉన్న కుర్రాడు పొద్దున అయిదుకు లేచినవాడు. "తెలుగబ్బాయివేనా? ఇంకేం మరి!" అంటూ దిగినవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. వేడినీళ్లు కావాలి, నలుగురికి భోజనం కావాలి, చంటివాడికి పాలు కావాలి. వంటగది మూసి అరగంట దాటింది. వంటమనిషిని లేపితే తిట్లు, లేపకుంటే వచ్చినవాళ్ల కోపం. కుర్రాడు ముఖం చిన్నబుచ్చుకునే ఏదో సర్దుతాడు. తెల్లవారాక ఫోనులో రెండు స్టార్లు పడతాయి. గదులు బాగున్నాయి గానీ సిబ్బందికి మర్యాద తెలియదని పక్కనే ఓ ముక్క.

ఆ ముక్క చదివిన యజమాని నోట వచ్చే మాట ఈ సీమలో అందరికీ తెలిసిందే. "ఈ కాలం పిల్లోళ్లకి పనంటే శ్రద్ధ లేదప్పా."

ఇలాంటి రాత్రులు ఒక్క లాడ్జివి కావు. పర్యాటకం మీద బతికే ఏ ఊళ్లోనైనా ఇదే తంతు. సిబ్బంది మర్యాదగా ఉండాలని అందరూ అంటారు. ఆ మర్యాద మనిషి ఇంటి నుంచి తెచ్చుకునేదా, పనిచోట తయారయ్యేదా అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఇంటి నుంచి తెచ్చుకునేదే అయితే తప్పంతా కుర్రాడిది. పనిచోట తయారయ్యేదైతే లెక్క వేరేచోట చూడాలి. ఈ ప్రశ్న మీద పరిశోధకులు తొంభయ్యేళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. వాళ్లు తేల్చినవాటిలో చాలాభాగం హంపీ చుట్టుపక్కల బసలకు అతికినట్టు సరిపోతుంది.

కాగితం మీద వద్దు.. గుమ్మంలో రండి

ముందు ఒక పాత కథ. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లపియర్ అనే ఆచార్యుడు ఉండేవాడు. 1930లో మొదలుపెట్టి రెండేళ్లపాటు ఒక చైనా యువకుడితో, అతని భార్యతో కలిసి కారులో ఆ దేశమంతా తిరిగాడు. చైనావాళ్లంటే అక్కడ గిట్టని రోజులవి. అయినా 251 హోటళ్లు, బసలు, భోజనశాలలకు వెళితే కాదన్నది ఒకే ఒక్క చోట. ఆ తర్వాత ఆర్నెల్లు ఆగి, అవే చోట్లకు ఉత్తరాలు రాశాడు. 'మీ దగ్గర చైనీయులను అతిథులుగా చేర్చుకుంటారా?' అని అడిగాడు. 128 చోట్ల నుంచి జవాబులొచ్చాయి. నూటికి తొంభై మందికి పైగా 'చేర్చుకోం' అనే రాశారు. అంతకుముందు ఆ దంపతులకు అన్నం పెట్టి, పక్క వేసి పంపినవాళ్లే వీళ్లు!

1934లో అచ్చయిన ఈ పరిశోధన తర్వాత మనుషుల వైఖరిని ప్రశ్నపత్రంతో కొలవచ్చా అన్న అనుమానం ఇప్పటికీ తీరలేదు. లపియర్ మీద వచ్చిన విమర్శల్లో ఒకటి మన విషయానికి బాగా పనికొస్తుంది. ఉత్తరానికి జవాబు రాసింది యజమానో మేనేజరో అయి ఉండవచ్చు. గుమ్మంలో నిలబడి లోపలికి రమ్మన్నది కౌంటరులోని గుమస్తా. కాగితం ఒకరిది, చేయి మరొకరిది. హోటలు వాళ్ల వైఖరి అంటూ ఏదో ఒక్కటి ఉంటుందనుకోవడమే పొరపాటన్నమాట.

ఇప్పుడు మన దగ్గర జరిగేది చూడండి. ఎం.బి.ఎ. పిల్లలు ప్రాజెక్టు పని మీద హోటళ్లకు వస్తారు. 'మీ ఉద్యోగంతో మీరు సంతృప్తిగా ఉన్నారా?' అన్న ప్రశ్న కింద అయిదు గడులుంటాయి. 1932లో లైకర్ట్ అనే అమెరికన్ తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పటికీ అదే నడుస్తోంది. కాగితాలు పంచేది మేనేజరు, తిరిగి తీసుకునేదీ ఆయనే. గదులు ఊడ్చే ఆవిడ ఏ గడిలో టిక్కు పెడుతుంది? 'చాలా సంతృప్తి' గడిలోనే పెడుతుంది. మరుసటి నెల ఆమె పని మానేస్తుంది. పుస్తకంలో సంతృప్తి మిగులుతుంది, హోటల్లో ఖాళీ మిగులుతుంది.

వంటగదిలో ఒక ఇనుప ఊచ

కాగితం మీద నమ్మకం కుదరనివాళ్లు హోటళ్లలోకే వెళ్లి కూర్చున్నారు. వారిలో పేరున్నవాడు విలియం ఫుట్ వైట్. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో షికాగో నగరంలోని భోజనశాలల్లో తన బృందంతో పరిశీలన జరిపి, 1948లో పుస్తకం తెచ్చాడు. వడ్డించే ఆడపిల్లలు రద్దీ వేళల్లో ఉన్నట్టుండి ఏడ్చేస్తున్నారెందుకని ఆయన ఆరా తీశాడు. అతిథుల నోటిదురుసు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం వంటగది గుమ్మం దగ్గర దొరికింది.

అక్కడ వంటవాడిది పెద్దరికం. జీతం ఎక్కువ, అనుభవం ఎక్కువ, పైగా మగవాడు. వడ్డించే పిల్ల వచ్చి 'అది త్వరగా ఇయ్యి, ఇది ముందు ఇయ్యి' అంటుంటే, తనకంటే చిన్నది తనకు పని పురమాయిస్తున్నట్టు అతనికి ఒళ్లు మండేది. కావాలనే ఆలస్యం చేసేవాడు. అటు అతిథి అరుపు, ఇటు వంటవాడి విసురు. మధ్యలో పిల్ల కళ్లనీళ్లు పెట్టుకునేది. కొన్నిచోట్ల ఈ గొడవ తక్కువగా ఉండటం వైట్ గమనించాడు. అక్కడ ఆర్డరును కాగితం ముక్క మీద రాసి, బల్ల మీది ఇనుప ఊచకు గుచ్చి పోయే పద్ధతి ఉంది. వంటవాడు ఆ చీటీలను తనే తీసుకుని, తన వీలును బట్టి వరస పెట్టుకుంటాడు. పురమాయించే మనిషి కనబడదు, చీటీ మాత్రమే కనబడుతుంది. ఇంకో చోట ఇద్దరికీ మధ్య ఎత్తయిన అరమరలాంటిది ఉండటంతో ముఖాలు కనబడక తగువులు తగ్గాయి.

ఎవరికీ వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెప్పలేదు, 'నవ్వుతూ ఉండండి' అని గోడకు బోర్డు కట్టలేదు. ఊచ ఒకటి చాలింది. ఇప్పుడు మన హోటళ్లలో మెషీను నుంచి వచ్చే కె.ఓ.టి. చీటీ చేసే పని కూడా అదే. అయితే మెషీను ఉన్న చోట కూడా, రద్దీ పెరిగేసరికి చీటీని పక్కనబెట్టి కేకలు మొదలవుతాయి. "అన్నా, ఏడో టేబులు దోసె ఇంకా రాలా!" అని ఒకరు, "కండ్లు కనబడలేదా, రెండు చేతులే కదా ఉండేది!" అని లోపలి నుంచి ఇంకొకరు. బయట కూర్చున్నవాళ్లకు ఇదంతా వినబడుతుంది. స్టార్లు తగ్గేది ఇక్కడే.

పైపై నవ్వు.. లోపలి అలసట

1983లో ఆర్లీ హాక్‌షైల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే పరిచారికల మీద పుస్తకం రాశారు. మూటలు మోసేవాడు ఒంటి బలం అమ్ముకున్నట్టే, వీళ్లు మనసులోని భావాన్ని అమ్ముకుంటున్నారని ఆమె వాదన. కోపం వచ్చినా నవ్వడం, భయం వేసినా ధైర్యంగా కనబడటం ఉద్యోగంలో భాగం. దానికి ఆమె పెట్టిన పేరును తెలుగులో 'భావశ్రమ' అనుకోవచ్చు. ఆ శ్రమలో రెండు రకాలున్నాయి. ఒకటి ముఖం మీద నవ్వు అతికించుకుని లోపల మండిపోవడం. రెండోది ఎదుటివాడి కష్టాన్ని కాస్త ఊహించుకుని, 'పాపం, చంటిబిడ్డతో దూరం నుంచి వచ్చారు' అని తన మనసునే సర్దుకుని పలకరించడం.

ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో ఈ రెండింటి మీద ఎన్నో పరిశోధనలొచ్చాయి. వాటన్నిటినీ కలిపి చూసిన సమీక్ష 2011లో వెలువడింది. పైపై నవ్వు మనిషిని లోపల అలసిపోయేలా చేస్తుందని, పనిమీద ఇష్టాన్ని చంపేస్తుందని అందులో తేలింది. మనసును సర్దుకుని చేసే పలకరింపు అంత నష్టం చేయదు, పైగా అతిథికి కూడా నచ్చుతుంది. అతికించిన నవ్వును జనం ఇట్టే పసిగడతారు. అది తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు, పెళ్లి భోజనాల్లో బంతి చివర వడ్డించేవాడి ముఖం చూసినా తెలుస్తుంది.

ఇక్కడో చిక్కుంది. 'పాపం' అనుకోవడానికి మనిషిలో కాస్త ఓపిక మిగిలి ఉండాలి. పద్దెనిమిది గంటలు నిలబడినవాడికి ఆ ఓపిక ఎక్కడిది? వాడికి మిగిలేది అతికించుకునే నవ్వే, ఇంకా అలిసిపోతే అదీ ఉండదు. కౌంటరు కుర్రాడి ముఖం చిన్నబోవడం వాడి గుణం కాదు, వాడి డ్యూటీ పట్టీ.

ఈ వాదనను వ్యాపార లెక్కల్లోకి తెచ్చింది 1994లో హార్వర్డ్ ఆచార్యులు హెస్కెట్ తదితరులు రాసిన వ్యాసం. లోపల సిబ్బందికి సదుపాయం ఉంటే వాళ్లు నిలుస్తారు, నిలిచినవాళ్ల పని బాగుంటుంది, పని బాగుంటే అతిథి మళ్లీ వస్తాడు, దాంతో లాభం వస్తుంది.. ఇదీ వరస. వినడానికి ముచ్చటగా ఉంది. అన్ని చోట్లా అలా జరగలేదన్నది కూడా చెప్పుకోవాలి. 2000లో బ్రిటన్‌లోని ఒక సూపర్‌మార్కెట్ గొలుసు దుకాణాలను పరిశీలిస్తే లెక్క తిరగబడింది. ఎక్కువ లాభం వచ్చే దుకాణాల్లోనే సిబ్బంది అసంతృప్తి ఎక్కువగా కనబడింది. జనం తోసుకొచ్చే దుకాణంలో గల్లా నిండుతుంది, పనివాళ్ల నడుములు విరుగుతాయి.

హంపీ యజమానులు ధీమాగా ఉండటానికి అసలు కారణం ఈ రెండో లెక్కే. సీజనులో గదులన్నీ నిండిపోతాయి. కుర్రాడు నవ్వినా నవ్వకున్నా విరూపాక్షుడి గోపురం చూడటానికి జనం రాక మానరు. అలాంటప్పుడు సిబ్బంది కోసం ఖర్చెందుకన్నది వాళ్ల ఆలోచన. ఆ ధీమా ఏప్రిల్ ఎండలు మొదలయ్యేదాకానే. రాళ్లు నిప్పులు కక్కే నెలల్లో మళ్లీ వచ్చేది, నలుగురికి చెప్పి పంపేది, క్రితంసారి మర్యాద దొరికినవాళ్లే. ఇక మానేసినవాడి స్థానంలో కొత్తవాణ్ని తెచ్చుకుంటే అయ్యే ఖర్చు ఏ యజమాని పద్దులోనూ విడిగా ఉండదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం హోటలు విభాగం ఆచార్యులు హింకిన్, ట్రేసీ 2000లో ఆ లెక్క కట్టారు. ప్రకటనకు, ఎంపికకు అయ్యే ఖర్చు కొంతే. కొత్తవాడు పని నేర్చుకునేదాకా జరిగే నష్టమే పెద్దదని తేల్చారు. ఏ గది గీజరు మొరాయిస్తుందో, ఏ ఆటోవాడు నమ్మకస్తుడో, కోరకల్ దొరికే రేవు ఎక్కడో మానేసిన కుర్రాడికి తెలుసు. కొత్తవాడు తెలుసుకునేసరికి సీజను అయిపోతుంది.

తాజ్ నేర్పిన పాఠం

మన దేశపు ఉదాహరణ లేదా అంటే ఉంది. 2008 నవంబరు 26న ముంబయి తాజ్ హోటలు మీద ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు అక్కడి సిబ్బంది పారిపోలేదు. వెనుక దారులన్నీ తెలిసినవాళ్లే అయినా అతిథులను ముందు పంపి తాము వెనక నిలబడ్డారు. పదకొండు మంది ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. జనరల్ మేనేజరు కరంబీర్ కాంగ్ తన భార్యాబిడ్డలు ఆ మంటల్లో చనిపోయినా విధులు వదల్లేదు. అలా చేయాలని ఏ నియమావళిలోనూ రాసిలేదు.

ఆ తెగువ ఎక్కడి నుంచి వచ్చిందని హార్వర్డ్‌కు చెందిన రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా పరిశీలించి 2011లో రాశారు. వారు గమనించినవి ఆసక్తికరం. తాజ్ యాజమాన్యం కింది ఉద్యోగాలకు మహానగరాల పిల్లలకంటే చిన్న పట్టణాల పిల్లలను ఎంచుకుంటుంది. చదువు, మాటకారితనం కన్నా పెద్దల పట్ల గౌరవం, ఎదుటివారి కష్టం గుర్తించే గుణం చూస్తుంది. ఇతర హోటళ్లు ఏడాది శిక్షణ ఇస్తుంటే అక్కడ పద్దెనిమిది నెలలు. నేర్పేది బయటి సలహాదారులు కాదు, అక్కడే పనిచేసే మేనేజర్లు. అతిథి కోసం అప్పటికప్పుడు సొంతంగా నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ ఇస్తుంది. మంచి పని చేస్తే ఎవరో ఒకరు వెంటనే గుర్తించేలా పాయింట్ల పద్ధతి పెట్టుకుంది.

చిన్న పట్టణాల పిల్లలు! హొసపేట, గంగావతి, కంప్లి, సిరుగుప్ప, గుంతకల్లు పిల్లలు ఈ కొలతకు సరిపోరా? పైగా వీళ్లకో అదనపు బలం ఉంది. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు వెళ్లినప్పటి నుంచి గీత అటు ఇటు అయినా ఇళ్లల్లో భాష అలాగే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో హిందీ, దక్కనీ, పర్యాటకులతో వచ్చీరాని ఇంగ్లీషు. ఒక్క పూటలో నాలుగు భాషలు మార్చగల కుర్రాడు కౌంటరులో ఉంటే అది ఆ హోటలుకు పెట్టుబడే. దాన్ని జీతంలో లెక్కగట్టే చోట్లు మాత్రం వెతికితే దొరకాలి. ఆ పిల్లలు కొంచెం పని నేర్చుకోగానే బెంగళూరు రైలెక్కేస్తే తప్పెవరిది?

పది గదుల లాడ్జి తాజ్ కాలేదన్నది నిజమే. పద్దెనిమిది నెలల శిక్షణ అడగడం అత్యాశ. అయితే నిర్ణయం తీసుకునే స్వేచ్ఛకు డబ్బు ఖర్చు కాదు. రాత్రి పదకొండింటికి వచ్చినవాళ్ల కోసం గిన్నెడు పెరుగన్నం, ఊరగాయ పక్కనబెట్టి, 'ఎవరినీ అడగక్కర్లేదు, ఇచ్చెయ్' అని కుర్రాడికి చెప్పి ఉంచితే వంటమనిషిని లేపే పని తప్పేది, ఆ రెండు స్టార్లూ తప్పేవి.

గుడారం ఏ రోజు లేస్తుందో

ఇంతవరకూ చెప్పుకున్నది హోటలు గోడల లోపలి సంగతి. హంపీలో పనిచేసేవాళ్లకు ఆ గోడలే ఎన్నాళ్లుంటాయో తెలియదు. ఈ ఒక్క విషయం షికాగో పుస్తకాల్లో లేదు.

1986లో హంపీ ప్రపంచ వారసత్వ సంపద అయింది. 1999 నుంచి 2006 దాకా ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో ఉంది. కట్టడాల రక్షణ పేరిట 2011 జూలైలో విరూపాక్ష బజారులోని దుకాణాలను, ఇళ్లను కూల్చారు. నది అవతల విరూపాపుర గడ్డ మీద విదేశీయులకు ఇష్టమైన బసలుండేవి. అవి అక్రమమని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తీర్పివ్వగా, మార్చిలో నేలమట్టం చేశారు. అదే నెలలో కరోనా తాళాలు పడ్డాయి. రాళ్లను కాపాడటం అవసరం కాదని ఎవరూ అనరు. యజమానులు కోర్టుకు వెళ్లారు, కొందరు సణాపురం వైపు జరిగారు. ఆ బసల్లో అంట్లు తోమినవాళ్లు, గుడ్డలు ఉతికినవాళ్లు, పడవ తోసినవాళ్లు ఏ వాజ్యంలోనూ కక్షిదారులు కారు. పనిచోటే రేపు ఉంటుందో లేదో తెలియనివాడిలో 'సంస్థ పట్ల నిబద్ధత' ఎంతుందని ప్రశ్నపత్రంలో అడగడం ఎకసెక్కమే అవుతుంది.

2025 మార్చి 6 రాత్రి సణాపురం దగ్గర కాలువ గట్టున జరిగిన ఘోరం అందరికీ తెలుసు. హోం స్టే నడిపే యువతి తన అతిథులకు నక్షత్రాలు చూపిద్దామని తీసుకెళ్లింది. ఆమె మీద, ఇజ్రాయెల్ నుంచి వచ్చిన పర్యాటకురాలి మీద అత్యాచారం జరిగింది. కాలువలోకి తోసేసిన ముగ్గురు మగవాళ్లలో ఒడిశా యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత చర్చంతా పర్యాటకుల భద్రత మీదే నడిచింది. బాధితుల్లో ఒకరు ఆతిథ్యం ఇస్తున్న మనిషి అని, ఆమె ఆ వేళ పనిలో ఉందని గుర్తుచేసినవాళ్లు తక్కువ. అతిథి భద్రత, పనివాళ్ల భద్రత రెండూ ఒకే గట్టు మీద ఉన్నాయని ఆ రాత్రి రుజువైంది.

చట్టాల మాటకొస్తే, అవి పెద్ద హోటళ్ల కొలతతో కుట్టినవి. ఇ.ఎస్.ఐ. వైద్యం దక్కాలంటే పదిమంది పనిచేసే చోటు కావాలి, జీతం నెలకు 21 వేలు దాటకూడదు. ప్రావిడెంటు ఫండుకు ఇరవై మంది కావాలి. ఆడవాళ్ల మీద వేధింపులపై విచారించే అంతర్గత కమిటీకి కూడా పదిమంది లెక్కే. అంతకన్నా చిన్న చోట పనిచేసే స్త్రీ జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చునని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీ ఒకటి ఉందని హోం స్టేలో గిన్నెలు కడిగే ఆవిడకు చెప్పేవారెవరు? హంపీ చుట్టుపక్కల ఎక్కువ బసలు నలుగురైదుగురితో నడిచేవే.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల ప్రకారం ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలి. కాలపరిమితి ఉద్యోగంలో ఏడాది నిండినవారికీ గ్రాట్యుటీ వస్తుంది. మంచి మాటే. అయితే అక్టోబరులో చేర్చుకుని మార్చిలో పంపేస్తే ఆ ఏడాది ఎన్నటికీ నిండదు.

టిప్పుల సంగతీ అంతే. బిల్లులో సర్వీసు చార్జీని తప్పనిసరిగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. కట్టేవాడికి ఊరట. ఆ చార్జీ సిబ్బందికే పోతుందని హోటళ్లు వాదిస్తూ వచ్చాయి. అది నిజంగా వాళ్ల చేతికి పోయిన చోట ఆ లోటును జీతంలో పూడ్చాలి కదా అన్న ప్రశ్న తీర్పు చర్చల్లో మరుగున పడింది.

పొగ తగలని కళ్లు

అతిథి దేవోభవ అంటూ కేంద్ర పర్యాటక శాఖ 2005లో ప్రచారం మొదలుపెట్టింది. ట్యాక్సీవాళ్లు, గైడ్లు, హోటలు పనివాళ్లు పర్యాటకులతో ఎలా మెలగాలో చెప్పడం దాని ఉద్దేశం. ఆపైన 'హునర్ సే రోజ్‌గార్ తక్' పథకం కింద ఎనిమిదో తరగతి చదివిన పిల్లలకు కొద్ది వారాల్లో వంట, వడ్డన నేర్పారు. రెండూ అవసరమైనవే. రెండింటిలోనూ మారవలసినవాడు కుర్రాడే. వాడు పనిచేసే చోటు మారాలన్న మాట ఎక్కడా లేదు. 2023 జూలైలో జి-20 ప్రతినిధులు హంపీకి వచ్చినప్పుడు రోడ్లకు సున్నాలు, గోడలకు బొమ్మలు పడ్డాయి. ఊరు తళతళలాడింది. సిబ్బంది పడుకునే గదులకు సున్నం వేయించిన బస ఏదైనా ఉంటే దానికి నాలుగు దండాలు పెట్టవచ్చు.

ఇదే హంపీని ఏలిన కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడి ఇంటి ఆతిథ్యాన్ని వర్ణించాడు. ముసురు పట్టిన రోజుల్లో కూడా ఆ ఇంట్లో అతిథులకు తెల్లటి అన్నం, పొట్టు తీసిన పప్పు, తాలింపు వేసిన నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి వడ్డిస్తారు. పండితులు ఆ పద్యంలో వంటకాలనే ఎక్కువగా చెప్పుకుంటారు. అందులో ఇంకో సంగతి ఉంది. వానలకు కట్టెలు తడిసి పొగలు చిమ్ముతాయి కనక, వండే ఇల్లాలి కళ్లకు పొగ తగలకుండా పొయ్యిలోకి కొబ్బరి చిప్పలు పెట్టించారట. వడ్డించే విస్తరి గురించి చెప్పేముందు రాజు పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కళ్లు చూశాడు. వైట్ షికాగోలో వంటగది గుమ్మం దగ్గర చూసింది కూడా అలాంటిదే.

ఇక ఈ ఏడాది మాటకొస్తే, దసరా దాటగానే సీజను మొదలవుతుంది. దానికి నెల ముందు నుంచే బసలవాళ్లు పిల్లల కోసం ఊళ్లమీద పడతారు. ఎవరికి ఇంగ్లీషు వచ్చు, ఎవరి వాలకం బాగుంది, ఎవరు నవ్వుతూ మాట్లాడతారు అని చూసుకుంటారు. చేరడానికి వచ్చిన పిల్లవాడు అడిగేవి మాత్రం రెండే. "పడుకునేది యాడ సార్?" అన్నది ఒకటి. "జీతం ఏ తేదీకి ఇస్తారు?" అన్నది రెండోది.